మారుమాట లేని మార్కులు

వెలుగు పక్షం, విదియ

పన్నెండు తొట్లూ పచ్చగా ఉన్నాయి. గాలి మీటర్లన్నీ చూశాం, మారుమాట అయింది, అంకెలు పక్క గడుల్లో రాశాం. ఇక మిగిలింది "విశేషాలు" అన్న ఈ గడి. ఇందులో రెండు ముక్కలకు మించి రాయొద్దని కంట్రోలు గది కామేశం గారు ఇప్పటికి చాలాసార్లు ఎర్ర అక్షరాలతో మొత్తుకున్నారు. గడి ఇంత పెద్దది పెట్టి నింపొద్దంటే ఎలా? విస్తట్లో అన్నీ వడ్డించి, వాసన చూసి లేవమన్నట్టుంది.

ఇవాళ విశేషం మా మేనకోడలు హిమజ మార్కులు. కాలేజీ సీటు కోసం రాసే తూకం పరీక్షలో దానికి వందకు అరవై ఒకటి వచ్చాయి.

ఏడుస్తూ చెప్పలేదు పిల్ల. తొమ్మిదో తొట్టి అద్దం మీద జిగురు గీకుతూ, వీపు నాకేసి పెట్టి, "అరవై ఒకటి" అంది. మీటరు చదివిందనుకుని నేను బల్ల దిగి వెళ్ళి చూశాను. అక్కడ యాభై మూడు ఉంది. కళ్ళెక్కడ పెట్టుకున్నావే అని కేకలేశాను. అప్పుడు వెనక్కి తిరిగి మార్కుల సంగతి చెప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మా తొట్ల ఊళ్ళో ఎవరు ఏ అంకె చెప్పినా రెండో మనిషి వెళ్ళి తన కళ్ళతో చూసి అదే అంకె తిరిగి చెప్పాలి. అదే మారుమాట. అది వచ్చేదాకా రాయకూడదు. చూడకపోతే "చూడలేదు" అని గడి ఖాళీగా వదిలేయాలి. మేం పీల్చే గాలంతా ఈ తొట్లలో నాచు ఇచ్చేదే. తలుపవతల చంద్రుడి మీద పీల్చడానికి ఏమీ లేదు కాబట్టి ఈ పట్టింపు మాకు కాస్త ఎక్కువ. పెళ్ళి కుదిరినా, బిడ్డ పుట్టినా కూడా ఇద్దరు చూసి చెప్తేనే మావాళ్ళు నోరు తీపి చేసుకుంటారు.

హిమజకు కక్ష్య కాలేజీలో చదవాలని ఉంది. భూమి చుట్టూ తిరుగుతూ ఉండే కాలేజీ అది. కొత్త ఊళ్ళకు గాలి ఎలా తయారుచేయాలో నేర్పేది అదొక్కటే. నూరుమంది అడిగితే నలుగురిని తీసుకుంటారు, అదీ పదిహేడో ఏట ఒక్కసారే అడగనిస్తారు. పిల్లకు ఆ పిచ్చి పట్టించింది ఈ తొమ్మిదో తొట్టే. సూర్యుడు లేని చీకటి పక్షం మొదలై వారం తిరిగేసరికి ఇది గోధుమరంగుకు తిరిగిపోతుంది. అదే నీళ్ళు, అదే నాచు, అవే దీపాలు, మిగతా పదకొండూ నిక్షేపంగా ఉంటాయి. ఎందుకో మా నాన్నకు తెలియలేదు, నాకు తెలియదు, కామేశం గారికి అసలే తెలియదు. ఆయన ఇది చదువుతారని తెలిసే రాశాను.

తదియ

మీటర్లు చూశాం, మారుమాట అయింది. ఆరో తొట్టి నురగ పొంగి గట్టు దాటింది. తోడి పోశాం.

టీ వేళకు దానియేలు మాస్టారు వచ్చారు. ఊరికి ఉన్నది ఒక్క బడి, బడికి ఉన్నది ఒక్క మాస్టారు. భూమ్మీదనుంచి వచ్చి పదిహేనేళ్ళయినా నాచు రొట్టె ఆయన గొంతు దిగదు. మంచి మనిషి. హిమజకు ఆయన చెప్పిన సలహా ఒకటే, మార్కులు పంపొద్దని.

కాలేజీవాళ్ళు తూకం మార్కులు పంపడం పంపకపోవడం మీ ఇష్టం అంటున్నారట. పంపకపోయినా ఏమీ అనుకోమని రాశారట. చేరినవాళ్ళ మార్కులు చూస్తే ఎనభైకి పైమాటే. అలాంటప్పుడు అరవై ఒకటి పంపడం కొరివితో తల గోక్కోవడమే అన్నారాయన.

ఇన్నేళ్ళలో మన ఊరినుంచి మార్కులు పంపినవాళ్ళు ఎంతమందని అడిగాను. ఎవరూ లేరన్నారు. మరి సీటు వచ్చినవాళ్ళు? మాస్టారు టీ గ్లాసులోకి చూసుకుంటూ కూర్చున్నారు. అంటే వాళ్ళూ ఎవరూ లేరన్నమాట.

అప్పటినుంచి నా బుర్ర తొలుస్తోంది. మా లాగ్ పుస్తకంలో ఖాళీ గడి అంటే సున్నా కాదు, చూడలేదని. అక్కడ కూర్చుని దరఖాస్తులు చదివే మనిషికి ఖాళీ గడి ఎలా కనబడుతుంది? ఏమీ అనుకోడట. ఏమీ అనుకోని మనిషిని నేనింతవరకు చూడలేదు. నా పెళ్ళిచూపుల్లో మా ఆయన వయసు సంగతి వాళ్ళు ఎత్తలేదు, మేమూ అడగలేదు. కానీ మా ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒక అంకె అనుకున్నారు, అందరూ అసలు దానికన్నా ఎక్కువే అనుకున్నారు.

పంచమి

మొన్నటి పేజీ కింద కామేశం గారి ఎర్ర అక్షరాలు: "రీడింగులు మాత్రమే రాయవలెను. పెళ్ళిచూపులు రాయరాదు." చిత్తం.

అడిగితే పరీక్షవాళ్ళు జవాబుల కాగితం కూడా పంపుతారట. ఎవరూ అడగరట. నేను హిమజ చేత అడిగించాను. నీళ్ళ వాసన చూసి తొట్టికి నలత రాబోతోందని రెండ్రోజుల ముందే చెప్పే పిల్లకు అరవై ఒకటేమిటి? అది తెలుసుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

ఇవాళ వచ్చింది. తెర మీద పెట్టుకుని ఇద్దరం మొదటినుంచి చివరిదాకా చూశాం. పిల్ల జవాబు పెట్టినవి అరవై ఒకటి. అరవై ఒకటీ ఒప్పే. మిగతావన్నీ ఖాళీ. తప్పు అన్నది వెతికినా లేదు.

ఖాళీగా ఉన్నదొకటి చూపించి ఇది నీకు అసలు తెలియదా అన్నాను. కొంచెం తెలుసంది, నాలుగు జవాబుల్లో రెండు కావని తెలుసు, మిగిలిన రెండింటిలో ఏదో ఒకటి అంది. మరి ఏదో ఒకటి పెట్టకపోయావా, తప్పయితే మార్కులు కొయ్యరటగా అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసింది.

"అక్కడ మారుమాట ఎవరిత్తారత్తా?"

నా పదిహేడో ఏట నేనూ ఆ పరీక్ష రాశాను, నేనూ అలాగే వదిలేసి వచ్చాను. అలా వదిలేయడం ఒక పద్ధతని, వేరే పద్ధతి ఒకటి ఉండొచ్చని ఇవాళ్టిదాకా నాకు తట్టలేదు.

షష్ఠి

మీటర్లు చూశాం, మారుమాట అయింది.

వంటశాల వరసలో నిలబడ్డవాళ్ళను ఒక్కొక్కరినీ అడిగాను. తూకం రాసినవాళ్ళంతా అదే మాట. తెలియనిదానికి గీత పెడతామా, మేమేం పిచ్చివాళ్ళమా అన్నారు. సాయంత్రం మాస్టారికి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఏటా చెప్తానమ్మా. తప్పుకి మార్కు పోదర్రా, ఏదో ఒకటి పెట్టి రండర్రా అని. అందరూ తలూపుతారు. వెళ్ళి వదిలేసి వత్తారు. భయపడి వదిలేత్తన్నారనుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నారు.

భయం కాదు మాస్టారూ, మర్యాద అన్నాను. ఆయనకు నవ్వూ బాధా ఒకేసారి వచ్చాయి. భూమ్మీద పిల్లలు నూటికి నూరూ నింపి వస్తారట. అందులో తెలిసిందెంతో, తగిలిందెంతో ఎవరికీ తెలియదట. ఆ అంకెల పక్కన మా అంకె పెట్టి చూస్తే మేం మందబుద్ధులుగా కనబడతాం. రెండు వేర్వేరు మీటర్ల అంకెలు ఒకే గడిలో రాసినట్టుంది ఈ వ్యవహారం.

చీకటి పక్షం తదియనాడు పరీక్ష మళ్ళీ పెడతారు. మళ్ళీ రాయొచ్చు. అంచనా వేయడం నేర్పుతానన్నారు మాస్టారు. ఊహించడం కూడా నేర్పాలా అనుకోవద్దు. మా తొట్ల గది గుమ్మం మీద ఒక పలక ఉంది. దాని మీద ఏడు పేర్లు, పేర్ల కింద "అంచనా ఊపిరి తీస్తుంది" అని ఒక ముక్క. పిల్లలు అక్షరాలు నేర్చుకునేది దాని మీదే.

దశమి

నాలుగు రోజులుగా అంచనాల బడి నడుస్తోంది. మొదటి రోజు పిల్ల చెయ్యి కదల్లేదు. మాస్టారు కళ్ళు మూసుకుని ఏదో ఒకటి పెట్టమంటే కళ్ళు మూసుకుంది, పెట్టలేదు. రెండో రోజు ఒకటి పెట్టి, వెంటనే చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. మూడో రోజుకి దారిలో పడింది. కానివి రెండూ తీసెయ్, మిగిలినవాటిలో మనసు ఎటు మొగ్గితే అటు వెళ్ళు అన్నది మాస్టారి సూత్రం.

ఇప్పుడు దానికి ఇందులో రుచి తగిలింది. వంటశాలలో ఇవాళ ఏం వండారో మూత తీయకముందే చెబుతోంది. నడవలో అడుగుల చప్పుడు విని వచ్చేదెవరో చెబుతోంది. చాలాసార్లు ఒప్పవుతోంది కూడా.

ఉన్నమాట చెప్పాలంటే నాకూ సరదా పుట్టింది. గంపెడు నాచు కాటా మీద పెట్టేముందు ఎంత తూగుతుందో మనసులో అనుకుని, పెట్టి చూశాను. దగ్గరగా వచ్చింది. మళ్ళీ చేశాను, ఇంకా దగ్గరగా వచ్చింది. చూడకుండానే నా చేతులకు ఇంత తెలుసని నాకెవరూ చెప్పలేదు. భూమ్మీదవాళ్ళు దీన్ని పాపమనుకోకపోవడంలో కొంత న్యాయం ఉందేమో. పలక కిందనుంచి నడిచేటప్పుడు మాత్రం తల పైకెత్తలేదు.

చీకటి పక్షం, షష్ఠి

సూర్యుడు వెళ్ళిపోయి ఐదు రోజులైంది. తొట్లకు దీపాలు వేశాం. నీళ్ళు చల్లబడి అద్దాల మీద ఆవిరి పడుతోంది. ప్రతి మీటరూ తుడిచి చదవాల్సి వస్తోంది.

తదియనాడు రాసిన పరీక్ష మార్కులు వచ్చాయి. ఎనభై నాలుగు. మాస్టారు బడినుంచి పరుగున వచ్చారు. ఇక్కడ పరిగెత్తితే మనిషి గాల్లోకి లేస్తాడు. పదిహేనేళ్ళయినా ఆయనకది గుర్తుండదు, తల పైకప్పుకు తగిలించుకున్నారు. బొప్పి తడుముకుంటూనే నవ్వారు. ఇది పంపొచ్చమ్మా, ఇది తప్పకుండా పంపొచ్చు అన్నారు. నేను వంటశాలనుంచి బెల్లం తెచ్చి ముగ్గురి నోట్లో వేశాను. మార్కులు ముందు ఇద్దరం చూశాకే.

సప్తమి

పన్నెండు మీటర్లలో పదకొండు రాశాం. పన్నెండోదాని సంగతి కింద ఉంది.

తొమ్మిదో తొట్టి రంగు తిరగడం మొదలైంది. హిమజ ఆ వైపు, నేను మూడో తొట్టి దగ్గర. "తొమ్మిది, నలభై రెండు" అని కేకేసింది. మారుమాట ఇవ్వడానికి వెళ్ళాను. పిల్ల అప్పటికే పదో తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.

తొమ్మిదో మీటరు అద్దం నిండా ఆవిరి. ఎక్కడా తుడిచిన మరక లేదు. లోపల అంకె కాదు కదా, ముల్లు కూడా కనబడటం లేదు. కొంగుతో తుడిచాను. నలభై రెండే ఉంది.

అంకె తప్పయి ఉంటే తిట్టేదాన్ని, అంతటితో అయిపోయేది. ఒప్పయింది, అదే నన్ను భయపెట్టింది. ఎలా చూశావని అడిగాను.

"మొన్న నలభై నాలుగు, నిన్న నలభై మూడు. ఇయ్యాల నలభై రెండే ఉండాలిగా అత్తా. ఉందిగా" అంది.

"ఉండాల్సింది వేరు, ఉన్నది వేరు" అన్నాను.

"ఉందిగా" అంది మళ్ళీ, ఈసారి నెమ్మదిగా. తర్వాత తనంతట తానే గుమ్మం మీద పలకకేసి చూసింది. ఆ ఏడుగురూ నిద్రలో పోయిన రోజు మీటరు జిగురు పట్టి ఉంది. డ్యూటీలో ఉన్నాయన తుడవకుండా ఉండాల్సిన అంకె రాశాడు. అంతకుముందు చాలా రోజులు ఉండాల్సిన అంకే ఉంది. పిల్ల మొహం తెల్లబోయింది. ఆ అంకె అనేముందు నేను ఆలోచించలేదత్తా, దానంతటదే నోట్లోకి వచ్చేసింది అని కూర్చుండిపోయింది.

మారుమాట ఇవ్వలేదు. తొమ్మిదో గడి ఖాళీగా ఉంది. చూడకుండా అంకె చెప్పినవాళ్ళ పేరు ఇక్కడ రాయాలి. రాస్తే గొంతు పోతుంది, అంటే అంకె చెప్పడానికీ మారుమాట ఇవ్వడానికీ పనికిరాదని ఊరంతా తెలుస్తుంది. కాలేజీ దరఖాస్తుతో పాటు ఊరు పంపే నడవడిక కాగితంలోకీ అది ఎక్కుతుంది. దాన్ని పెంచింది నేను. వాళ్ళమ్మ పోయాక, మా తమ్ముడు మంచుగనిలో పనికి వెళ్ళినప్పటినుంచీ నా దగ్గరే ఉంది. రాయకుండా ఉండటానికి నాకు కారణాలన్నీ ఉన్నాయి. దానికా ఊహించడం నేర్పించింది మేమే అన్నది వాటిలో పెద్దది.

చెప్పినది హిమజ. చూడలేదు. రాశాను.

అష్టమి

కామేశం గారి ఎర్ర అక్షరాలు ఈసారి ఒక్క వరసకు మించాయి: "వచ్చే చీకటి అష్టమి వరకు గొంతు లేదు. నడవడిక కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాస్తాను, ఎక్కువ రాయను. నువ్వు రాయకపోతే నాకు తెలిసేది కాదు సుభాషిణీ. తెలియకపోతే నేను బాగుండేవాణ్ణి, ఊరు బాగుండేది కాదు." ఆయన నన్ను పేరుపెట్టి రాయడం ఇదే మొదటిసారి.

మీటర్లు నేనూ, రెండో డ్యూటీ అమ్మాయీ చూశాం. హిమజ అద్దాలు తుడిచింది, ఇవాళ ఒక్కటీ వదల్లేదు.

ఏకాదశి

రేపటితో గడువు. దరఖాస్తులో మార్కుల దగ్గర మూడు దారులు ఉన్నాయి: మొదటిది పంపొచ్చు, రెండోది పంపొచ్చు, ఏదీ పంపకపోవచ్చు. దేన్ని ఎంచుకున్నా తప్పు లేదని కింద రాసి ఉంది. తప్పు లేదన్నవాళ్ళు మూడు గడులెందుకు పెట్టారో.

మాస్టారు ఎనభై నాలుగు పంపమన్నారు. నడవడిక కాగితంలో మచ్చ ఉంది కాబట్టి మార్కులైనా గట్టిగా ఉండాలన్నది ఆయన వాదన. అందులో అబద్ధమేమీ లేదు, భూమ్మీద పిల్లలంతా చేసేదే మనమూ చేశాం అన్నారు. నాకూ అది న్యాయంగానే తోచింది. హిమజ అరవై ఒకటి పంపుతానంది.

మాస్టారికి కోపం రావడం నేను చూడలేదు. ఇవాళ చూశాను. దాన్ని చూసి పక్కన పడేత్తారు, పేరు కూడా చదవరు అన్నారు. ఉన్నది ఒక్క అవకాశం, పౌరుషానికి పోయి పోగొట్టుకుంటావా అన్నారు.

"పౌరుషం కాదు మాస్టారూ" అంది హిమజ. "అరవై ఒకటి ఎప్పుడు రాయమన్నా అరవై ఒకటే వత్తది. ఎనభై నాలుగు మళ్ళీ రాత్తే డెబ్బయ్ రావచ్చు, తొంభై రావచ్చు. దానికి నేనే మారుమాట ఇవ్వలేను."

పోనీ ఏదీ పంపకు అన్నారు మాస్టారు. ఖాళీ వదిలితే చూడలేదని అర్థం, నేను చూశానుగా అంది. ఆయన నాకేసి తిరిగారు, నువ్వు చెప్పమ్మా అన్నట్టు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. పిల్ల తెలివైన పని చేస్తోందో, చేతికొచ్చినదాన్ని నేలపాలు చేస్తోందో నాకు అంతు చిక్కలేదు. అంతు చిక్కనప్పుడు చిక్కినట్టు మొహం పెట్టడం నాకు రాదు.

జవాబుల కాగితం జత చేసింది. "మీరు చెప్పదలచింది" అన్నచోట మూడు వరసలు రాసింది: "పెట్టినవన్నీ చూసి పెట్టాను. వదిలినవి చూడలేదు. తొమ్మిదో తొట్టి చీకటి పక్షంలో ఎందుకు రంగు మారుతుందో చూడాలని ఉంది."

పంపే మీట నొక్కేముందు నాకేసి చూసింది. గొంతు లేదు కాబట్టి చదివి వినిపించలేదు, తెర నాకు చూపించింది. మొత్తం చదివి, అరవై ఒకటి అన్నాను. మాస్టారు గోడకేసి తిరిగి నిలబడ్డారు. కాసేపటికి వచ్చి తెరలోకి వంగి చూసి, అరవై ఒకటి అన్నారు. నొక్కింది.

వెలుగు పక్షం, పంచమి

మీటర్లు చూశాం, మారుమాట అయింది. సూర్యుడు రావడంతోనే తొమ్మిదో తొట్టి ఎప్పట్లాగే పచ్చబడింది, ఏమీ ఎరగని నంగనాచిలా.

కాలేజీనుంచి ఒక ప్రశ్న వచ్చింది. మీరు రెండోసారి కూడా పరీక్ష రాసినట్టుంది, ఆ మార్కులు ఎక్కువైనా ఎందుకు పంపలేదు, నడవడిక కాగితంలోని సంగతికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా అని. అంటే పేరు చదివారన్నమాట. మాస్టారికి ఆ ఒక్క విషయానికే సగం ప్రాణం లేచొచ్చింది.

హిమజ జవాబు రాయడానికి పూటంతా పట్టింది. రాసింది తక్కువే. అంచనా వేయడం నేర్చుకున్నాననీ, ఎనభై నాలుగు అలా వచ్చిందనీ, దాని తర్వాత ఆవిరి పట్టిన మీటరును చూడకుండా చదివాననీ, ఆ అంకె ఒప్పేననీ, అందుకే గొంతు పోయిందనీ రాసింది. ఒప్పే అన్న ముక్క తీసేయనా అని నన్ను అడిగింది. తీసేస్తే బాగుంటుందనిపించింది. ఉంచమన్నాను. ఆ ముక్క లేకపోతే మిగతాది అర్థం కాదు.

అంచనా చెడ్డదా అత్తా అని అడిగింది పడుకోబోయేముందు. అదే నేనూ ఆలోచిస్తున్నాను. నాచు గంప బరువు నా చేతులకు తెలియడం చెడ్డది కాదు. తెలుసు కదా అని కాటా ఎక్కించకపోతే చెడ్డది. పరీక్షలో ఏది కాటానో, ఏది చెయ్యో నాకు ఇంకా తేలలేదు. అదే చెప్పాను. అక్కడికి వెళ్తే ఇది కూడా అడుగుతానంది.

దశమి

మీటర్లు చూశాం, మారుమాట అయింది. విశేషాలు లేవు. ఇంత చిన్నగా రాశానని కామేశం గారు ఒంట్లో బాగుందా అని మనిషిని పంపించారు.

త్రయోదశి

మీటర్లు చూశాం, మారుమాట అయింది.

హిమజ ఏడో తొట్టి నురగ తీస్తుంటే తెర మోగింది. చేతులు తుడుచుకుని వెళ్ళింది. చదివింది. నిలబడిపోయింది. నాకేసి తిరిగింది గానీ ఏమీ అనలేదు. నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. గొంతు లేనివాళ్ళు కొత్త సంగతి ముందుగా చెప్పకూడదు. దానికా నియమం అంత ఆత్రంలో కూడా గుర్తుంది. తెర నావైపు తిప్పింది.

మొదటినుంచి చదివాను. అక్షరాలు అలుక్కుపోయి ఒకచోట ఆగాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను.

"సీటు వచ్చింది" అన్నాను గట్టిగా.

గదిలో ఇంకెవరూ లేరు. రెండో డ్యూటీ అమ్మాయి ఇంకా రాలేదు. మారుమాట ఇవ్వాల్సిన పిల్ల నా ఎదురుగానే నిలబడి ఉంది, కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు బిగపట్టుకుంది. దాన్ని అలా చూడటం నా వల్ల కాలేదు. నడవలోకి వెళ్ళి మాస్టారి కోసం కేకేశాను. ఆయన పరిగెత్తారు, పైకప్పుకు తల తగిలించుకున్నారు, అయినా ఆగలేదు. తొట్ల గది తేమకు కళ్ళజోడు మీద ఆవిరి పట్టింది. మేం ఇద్దరం ఏమీ చెప్పకుండా నిలబడ్డాం. ఆయన తీసి శుభ్రంగా తుడుచుకుని, పెట్టుకుని, ఉత్తరం పై వరసనుంచి కింది సంతకం దాకా వదలకుండా చదివారు. నాకు ప్రాణం పోయినంత పని అయింది.

"వచ్చింది" అన్నారు.

అప్పుడు హిమజ ఏడ్చింది, నా భుజం మీద, బొబ్బలు పెట్టి. నేనూ ఏడ్చాను. అది వెళ్ళిపోతే ఈ తొట్ల మధ్య నాకు మారుమాట ఎవరిస్తారన్నది కూడా ఆ ఏడుపులో ఉంది. దాచను. మాస్టారు మాత్రం ఏడవలేదు. వచ్చే ఏడు పిల్లలకు ఏమని చెప్పాలో అని అప్పుడే తల పట్టుకున్నారు, బొప్పి కట్టినచోట.

సీటు వచ్చింది. ఇద్దరం చూశాం. ఇది రాస్తున్నాను.

ఎందుకిచ్చారో ఉత్తరంలో లేదు. అరవై ఒకటికి ఇచ్చారా, ఆవిరి పట్టిన అద్దానికి ఇచ్చారా, తొమ్మిదో తొట్టికి ఇచ్చారా, లేక వీటిలో దేన్నీ లెక్కపెట్టకుండా ఇచ్చారా అని మాస్టారూ నేనూ టీ చల్లారేదాకా మాట్లాడుకున్నాం. నాకో ఊహ ఉంది. గట్టి ఊహే. కామేశం గారు ఇది చదివి, అయితే ఎందుకిచ్చారంటావు అని తప్పకుండా అడుగుతారు, పైకి ఒప్పుకోరు గానీ ఆయనకు నన్ను మించిన ఆరా.

ఎందుకిచ్చారు: చూడలేదు.